2,60,000 కిలోమీటర్లు తిరిగిన కారు: ఇంజన్ దింపించాలా, అమ్మేయాలా?

ప్రశ్న

పేరు వేయొద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాం. ఆమెది 16 ఏళ్ల నాటి 1.2 లీటర్ల పెట్రోలు కారు, మాన్యువల్ గేరు. ఏడేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మీటరు ఇప్పుడు 2,60,000 కి.మీ. చూపిస్తోంది. ఉద్యోగానికి పోను రాను రోజుకు 54 కి.మీ., వారానికి ఆరు రోజులు. తెల్లవారుజామున షిఫ్టు. ఆ వేళకు వేరే బండి దొరకదు కాబట్టి కారు మొరాయిస్తే ఆ రోజు జీతం పోయినట్టే.

గడిచిన ఏడాదిలో ఐదుసార్లు వర్క్‌షాపుకు తీసుకెళ్లారు. ముందు చక్రాల దగ్గర టకటకమంటుంటే లింకు రాడ్లు రెండుసార్లు మార్చారు. సైలెన్సర్‌కు చిల్లు పడితే వెల్డింగు పెట్టారు. ఏసీ కంప్రెసర్ బేరింగు కూస్తుంటే మార్చారు. కీచుమంటోందని "బెల్టు" మార్చినట్టు మరో బిల్లుంది. ఇంత చేసినా కారు రెండుసార్లు నిలబడిపోయింది. ఒకసారి రెండు రోజుల సెలవు తర్వాత స్టార్టే కాలేదు. బ్యాటరీ వేసి అప్పటికి ఎనిమిది నెలలే. ఇంకోసారి సిగ్నల్ దగ్గర వేడి సూది ఎర్ర గీత దాటింది. అప్పుడొక మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు వెళ్లనివ్వని వాల్వు) తీసేశారు. సూది కాస్త దిగింది గానీ మైలేజీ పడిపోయింది, ట్రాఫిక్‌లో సూది మళ్లీ ఎక్కుతోంది. రెండు వారాలకోసారి అర లీటరు నీళ్లు పోస్తున్నారు. ఇంజన్ ఆయిల్ 1,200 కి.మీ.కు లీటరు చొప్పున తగ్గుతోంది.

ఇంజన్ దింపి బోరు చేయించాల్సిందేనని (అరిగిన సిలిండర్లను పెద్దవి చేసి కొత్త పిస్టన్లు వేయడం) ఒక మెకానిక్, దీని మీద ఇంకేం పెట్టొద్దు, అమ్మేయమని మరొకరు. ఆగేదాకా నడుపుదాం అంటారు భర్త. లోను మీద కొత్తది కొనుక్కో అంటాడు తమ్ముడు. ఆమెకు మాత్రం ఇంకో మూడేళ్లు గడిస్తే చాలు, అప్పటికి ఇంటి అప్పు తీరిపోతుంది. ఆయిల్లో కలిపే డబ్బా మందు పోస్తే బోరు పని తప్పుతుందంటున్నారు, నిజమేనా అనీ అడిగారు.

సమాధానం

మీ ఐదు బిల్లుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అన్నీ చప్పుడు చేసిన వాటికే. చెవికి తగిలాయి కాబట్టి బాగుచేయించారు. మిమ్మల్ని నిలబెట్టిన రెండు సందర్భాల్లో చప్పుడే లేదు. బ్యాటరీ మౌనంగా ఖాళీ అయింది, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ మౌనంగా తగ్గింది. పాత కారును రోజువారీ బండిగా వాడాలనుకుంటే ఖర్చు పెట్టే వరస మార్చుకోవాలి. ప్రాణం మీదికి తెచ్చేవి ముందు, దారిలో నిలబెట్టేవి తర్వాత, చికాకు పెట్టేవి ఆఖరున. లింకు రాడ్లు ఆఖరు రకం. మొదటి రెండు రకాల్లో ఈ కారుకు ఎవరూ చెయ్యి పెట్టనివి చాలానే ఉన్నాయి.

ఇంకొకటి. ఆయిల్ తాగడం, వేడెక్కడం, స్టార్టు కాకపోవడం, మూడింటినీ కలిపి ఇంజన్ పోయిందని అనుకుంటున్నట్టున్నారు. మూడూ వేర్వేరు జబ్బులు. బోరు చేయిస్తే తగ్గేది మొదటిది మాత్రమే. కొత్త పిస్టన్లు వేసిన మర్నాడు కూడా ట్రాఫిక్‌లో సూది ఎక్కుతుంది, రెండు రోజులు ఆపితే బ్యాటరీ దిగిపోతుంది.

అసలు ఇంజన్ గురించి మాట్లాడేముందు కారును లిఫ్టు ఎక్కించి కింద చూడాలి. ఈ వయసు కారుకు ఆయుష్షు తేల్చేది ఎక్కువసార్లు తుప్పే. ఇంజన్, గేరుబాక్సు మార్చుకోవచ్చు. బాడీ బరువు మోసే చోట్లు తినేస్తే మార్చుకోవడానికి ఏమీ ఉండదు. తలుపుల కింద పొడవునా ఉండే అంచులు, జాకీ ఆనే చోట్లు, ముందు షాక్ అబ్జార్బర్ల పై కొసలు బిగిసే గిన్నెలు, సబ్‌ఫ్రేమ్ (ఇంజన్‌ను, ముందు చక్రాల అమరికను మోసే చట్రం) బోల్టుల చుట్టూరా, కార్పెట్ ఎత్తి ఫ్లోరు, ఇవన్నీ చూడమనండి. స్క్రూడ్రైవర్ కొసతో గట్టిగా పొడవాలి. పైపై తుప్పయితే ఇనుము ఠంగుమంటుంది. పొరలుగా రాలుతూ కొస లోపలికి దిగిపోతే తినేసినట్టే. నల్లటి తారు పూత ఉబ్బిన చోట గీకి మరీ చూడాలి, తుప్పు దాక్కునేది దాని కిందే. అంచుల్లోనో ఫ్లోరులోనో ఒకటి రెండు చోట్లయితే కోసి కొత్త రేకు వెల్డింగు చేయించవచ్చు. సబ్‌ఫ్రేమ్ పట్టుకునే చోటో షాక్ అబ్జార్బర్ గిన్నెలో మెత్తబడితే మాత్రం కింద రాసినవేవీ మీకు అక్కర్లేదు. ఆ కారు మీద ఇక ఖర్చు పెట్టకండి. నడుపుకొనే కారని చెప్పి ఎవరికీ అమ్మకండి కూడా.

బాడీ గట్టిగా ఉందనుకుని ఆయిల్ సంగతికి వద్దాం.

1,200 కి.మీ.కు లీటరు అనేది ఎక్కువే. కానీ భయపడేంత కాదు. కొన్ని కంపెనీల హ్యాండ్‌బుక్‌లు 1,000 కి.మీ.కు అర లీటరు నుంచి లీటరు దాకా తగ్గడాన్ని సహజంగానే లెక్కేస్తాయి. మీ తిరుగుడు ఏడాదికి 16,000 కి.మీ. పైచిలుకు. ఈ లెక్కన పైపోత ఆయిల్ ఏడాదికి 13 - 14 లీటర్లు, మూడేళ్లకు 40 లీటర్లు. ఆ 40 లీటర్ల ఖరీదును ఇంజన్ దింపి బోరు చేయించడానికి అయ్యే మొత్తం పక్కన రాసుకోండి. కాగితం మీద ఏది ఎక్కువో మీకే తెలుస్తుంది. ఆయిల్ తాగే ఇంజన్‌తో అసలు ప్రమాదం, తాగుతోందన్న సంగతి మరిచిపోవడం. ఈ సైజు ఇంజన్‌లో పట్టేది సుమారు మూడున్నర లీటర్లు. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద కింది గీతకూ పై గీతకూ మధ్య దాదాపు ఒక లీటరు. అంటే నిండుగా పోసిన మూడున్నర వారాలకు కింది గీత చేరతారు. వారానికొకసారి, పొద్దున చల్లటి ఇంజన్ మీద, బల్లపరుపు నేల మీద పుల్ల చూడాలి. ఎర్ర ఆయిల్ దీపం వెలిగినప్పుడు పోద్దాం అనుకోకండి. ఆ దీపం చెప్పేది ఆయిల్ మట్టం గురించి కాదు, ఒత్తిడి పడిపోయిందని. అది వెలిగేసరికి బేరింగులు ఎండి తిరుగుతుంటాయి. అలాగని పై గీత దాటించి పోయడమూ తప్పే. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ సీళ్ల లోంచి, గాలి గొట్టం లోంచి బయటికి తోసుకొస్తుంది.

ఆయిల్ ఎటు పోతోందో కూడా తేల్చుకోవాలి. ముందు బయట చూడండి. రాత్రి కారు కింద అట్టముక్క పరిచి పొద్దున మరకలు చూడండి. వాల్వ్ కవర్ గ్యాస్కెట్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఫిల్టర్ అంచు, క్రాంకు వెనక సీలు, కారే చోట్లు సాధారణంగా ఇవే. వాల్వ్ కవర్ దగ్గర కారి వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మరక కనిపించదు, మాడిన వాసన వస్తుంది. దాన్ని మాత్రం వాయిదా వేయకండి, అది నిప్పు వ్యవహారం. బయట పొడిగా ఉంటే పీసీవీ వాల్వు వంతు. ఇంజన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపే చిన్న వాల్వు అది. మురికితో బిగుసుకుపోతే ఆవిరికి దారి లేక లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లలోంచి తోసుకొస్తుంది. తెరుచుకునే ఉండిపోతే ఆయిల్ నేరుగా ఇన్‌టేక్‌లోకి పోతుంది. చవకైన వస్తువే, దాన్నీ దాని గొట్టాల్నీ మార్చేయండి. తర్వాత రెండు ట్యాంకులు నడిపి ఆయిల్ వాడకం మళ్లీ కొలవండి. కొందరికి ఇక్కడే సగం తగ్గుతుంది.

పొగ కూడా కొంత చెబుతుంది. పొద్దున స్టార్టు చేసినప్పుడు ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోయినా, దిగుడులో గేరులోనే వదిలి కింద మళ్లీ యాక్సిలరేటర్ తొక్కగానే గుప్పుమన్నా వాల్వ్ సీళ్లు (వాల్వుల కాడల వెంట ఆయిల్ సిలిండర్‌లోకి జారకుండా ఆపే రబ్బర్లు) గట్టిపడ్డాయని అర్థం. లాగుతున్నంతసేపూ నీలం పొగ వస్తుంటే పిస్టన్ రింగుల వైపు చూడాలి.

ఇంజన్ దింపే నిర్ణయం మాత్రం కంప్రెషన్ పరీక్ష (ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి పట్టగలదో కొలవడం) లేకుండా తీసుకోకండి. "వినగానే తెలిసిపోయింది" అనే మాటకు ఇక్కడ విలువ లేదు. ఇంజన్ వేడెక్కాక పెట్రోలు పంపు ఫ్యూజు, ఇగ్నిషన్ కనెక్టర్ తీసేసి, నాలుగు ప్లగ్గులూ విప్పాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి ఒక్కో సిలిండర్‌కు గేజ్ పెట్టి, సూది ఇక ఎక్కనంత వరకు, అంటే ఐదారు కంప్రెషన్లు, సెల్ఫ్ తిప్పాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే అంకెలు అబద్ధం చెబుతాయి, కాబట్టి ముందే చార్జి చేయించండి. కచ్చితమైన హద్దు మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. మామూలుగా ఇలాంటి పెట్రోలు ఇంజన్లు కొత్తలో 12 - 14 బార్ చూపిస్తాయి. నాలుగూ 10 బార్, అంటే 145 పీఎస్ఐ దాటి, ఒకదానికీ ఇంకోదానికీ తేడా పదిహేను శాతం లోపే ఉంటే ఆ ఇంజన్‌ను దింపక్కర్లేదు.

ఏదైనా ఒకటి తక్కువ వస్తే ఆ సిలిండర్‌లో 5 - 10 మిల్లీలీటర్ల ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె గట్టిగా పెరిగితే రింగులో బోరో అరిగింది. పెరగకపోతే వాల్వు సరిగా మూసుకోవడం లేదు. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి తగ్గితే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజన్ దిమ్మకూ దాని మీద మూతలా ఉండే హెడ్‌కూ మధ్య సీలు) అనుమానించాలి. మీ కారు ఒకసారి ఎర్ర గీత దాటింది కాబట్టి ఆ మాట మనసులో పెట్టుకోండి. ఇందులో ఒక మెలిక ఉంది. కంప్రెషన్ పట్టేవి పై రెండు రింగులు. ఆయిల్ గీసేది మూడో రింగు. అది మసితో బిగుసుకుపోయినా కంప్రెషన్ అంకెలు బాగానే వస్తాయి. అంకెలు బాగుండి ఆయిల్ తాగుతుంటే పైపోతతో నడుపుకోవడంలో తప్పేమీ లేదు.

ఆ పరీక్ష తర్వాత ఆయిల్ విషయంలో మీ ముందు నాలుగు దారులుంటాయి. పోస్తూ నడపడం మొదటిది. దీని మూల్యం, కాలిన ఆయిల్లోని ఫాస్ఫరస్ పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మెల్లగా పాడు చేస్తుంది, ప్లగ్గులు త్వరగా మసిబారతాయి, పొగ పరీక్షలో ఇబ్బంది రావచ్చు. వాల్వ్ సీళ్లు మాత్రమే మార్పించడం రెండోది. చాలా ఇంజన్లలో హెడ్ విప్పకుండానే, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఒత్తిడి పెట్టి వాల్వులు జారకుండా నిలిపి పని కానిస్తారు. జబ్బు సీళ్లదే అయితే ఇంతకంటే లాభసాటి పని లేదు. రింగులదైతే పొద్దుటి పొగ పోతుంది, ఆయిల్ తగ్గడం పోదు. మూడోది పూర్తి బోరు పని. సిలిండర్లను మెషిన్ మీద పెద్దవి చేసి ఓవర్‌సైజు పిస్టన్లు వేయడం. ముందుగా మీ ఇంజన్‌కు ఓవర్‌సైజు పిస్టన్లు దొరుకుతాయో లేదో కనుక్కోండి. కొన్నింటికి తయారీయే లేదు. బోరు కొలతలు గేజ్‌తో తీసి కాగితం మీద రాసిమ్మనండి. కొలవకుండా అరిగిన బోరులో కొత్త రింగులు మాత్రం వేస్తామంటే ఒప్పుకోకండి, అవి కూర్చోవు. నాలుగోది వాడిన ఇంజన్ తెచ్చి పెట్టడం. దాని చరిత్ర మీకు తెలియదు, కాబట్టి బిగించేముందు దానికీ ఇదే కంప్రెషన్ పరీక్ష. బయట ఉన్నప్పుడే టైమింగ్ బెల్టు (వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే బెల్టు), వాటర్ పంపు, వెనక సీలు, క్లచ్ మార్చేస్తే మళ్లీ కూలి పడదు.

ఇప్పుడు వేడి. నిజానికి మీ ఇంజన్‌ను దింపించేది ఆయిల్ కాదు, ఇది. అల్యూమినియం హెడ్ ఒక్కసారి గట్టిగా వేడెక్కితే వంకర పోతుంది, గ్యాస్కెట్ పోతుంది, ఆ తర్వాత బోరు చేయిద్దామా వద్దా అని ఎవరూ అడగరు.

రెండు వారాలకు అర లీటరు అంటే ఎక్కడో కారుతోంది. మూసి ఉన్న వ్యవస్థలో నీళ్లు "ఆవిరైపోవు". చల్లటి ఇంజన్ మీద, రేడియేటర్ మూత చోట చేతి పంపు బిగించి, మూత మీద రాసిన ఒత్తిడి దాకా, సాధారణంగా ఒక బార్ అటూ ఇటూ, ఎక్కించి పావుగంట వదలాలి. సూది దిగితే టార్చి వేసి వెతకాలి. రేడియేటర్ ప్లాస్టిక్ తొట్టి అల్యూమినియాన్ని కలిసే అతుకు, గొట్టాల కొసలు, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం, ముందు సీటు కాళ్ల దగ్గర తడిసిన కార్పెట్ (అది హీటర్ కోర్). ఎక్కడా తడి లేకుండా సూది దిగితే లోపలికే పోతోంది. గ్యాస్కెట్ పరీక్షకు నీలం ద్రవం ఉన్న చిన్న గొట్టం ఉంటుంది, దాన్ని రేడియేటర్ మూతి మీద పెడితే మండిన వాయువు తగిలినప్పుడు ద్రవం పసుపుకు తిరుగుతుంది. చల్లటి ఇంజన్ స్టార్టు చేసిన ఒకటి రెండు నిమిషాలకే పై గొట్టం రాయిలా బిగుసుకుంటే అదీ గ్యాస్కెట్ గుర్తే.

ట్రాఫిక్‌లో ఎక్కి, రోడ్డెక్కితే దిగుతోందంటే ఫ్యాను మీద అనుమానం. ఎదురుగాలి ఉన్నంతసేపు దాని అవసరం పడదు. ఏసీ వేసి చూడండి. చాలా కార్లలో ఏసీతోపాటే ఫ్యాను తిరగాలి. ఏసీకి తిరిగి వేడికి తిరగకపోతే సెన్సరో స్విచ్చో పోయింది. దేనికీ తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరసగా చూడాలి. మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య పేరుకున్న దుమ్మును ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగించండి.

తీసేసిన థర్మోస్టాట్ తిరిగి పెట్టించండి. అది లేకపోతే రోడ్డు మీద ఇంజన్ చల్లగానే ఉండిపోతుంది. ఇంజన్ కంప్యూటర్ ఇంకా వేడెక్కలేదనుకుని ఎక్కువ పెట్రోలు పోస్తుంది. మీ మైలేజీ పోయింది అక్కడే. ఆ పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, అరుగుదల పెరుగుతుంది. పైగా కొన్ని ఇంజన్లలో వేడెక్కినప్పుడు పక్కదారిని మూసే పని కూడా థర్మోస్టాట్‌దే. తీసేస్తే కొంత నీరు రేడియేటర్‌ను తప్పించుకుని తిరుగుతూనే ఉంటుంది, ట్రాఫిక్‌లో వేడి ఇంకా పెరుగుతుంది.

ఇన్నాళ్లూ నీళ్లు పోశారు కాబట్టి లోపలున్నది ఇప్పుడు పేరుకే కూలెంట్. లీకు ఆపాక మొత్తం ఖాళీ చేసి, శుభ్రమైన నీరు వచ్చేదాకా కడిగి, కంపెనీ చెప్పిన రకం కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం నింపించండి. అయిదు లీటర్లు పట్టే వ్యవస్థకు రెండున్నర, రెండున్నర. కలిపి అమ్మేదైతే నీళ్లు కలపకూడదు. నింపేటప్పుడు హీటర్ పూర్తి వేడికి తిప్పి, గాలి తీసే స్క్రూ ఉంటే వదిలి, నింపాదిగా పోయాలి. లోపల గాలి బుడగ చిక్కుకుంటే మళ్లీ మొదటికొస్తారు. మూతను, పై కింద గొట్టాలను, హీటర్ గొట్టాలను ఇదే విడతలో మార్చేయండి. 16 ఏళ్ల రబ్బరు పైకి బాగానే కనిపిస్తుంది, క్లిప్పు దగ్గర నొక్కితే మెత్తగా ఉబ్బుతుంది. పనిలో పనిగా ఇంజన్ దగ్గరి పెట్రోలు రబ్బరు గొట్టాలూ చూపించండి. అవి పగిలితే ఆగిపోవడం కాదు, అంటుకోవడం.

టైమింగ్ బెల్టు గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే. కీచుమందని మార్చిన బెల్టు, డైనమోనూ ఏసీనీ తిప్పే బయటి బెల్టు అయి ఉంటుంది. టైమింగ్ బెల్టు ప్లాస్టిక్ కవర్ లోపల ఉంటుంది, తెగేదాకా సాధారణంగా చప్పుడు చేయదు. ముందు మీ ఇంజన్‌కు ఉన్నది బెల్టో, చైనో హ్యాండ్‌బుక్‌లో చూడండి. చైన్ అయితే చల్లటి స్టార్టులో రెండు మూడు సెకన్లు గలగలమంటుందేమో వినాలి. అలా అంటుంటే చైన్, టెన్షనర్ అరిగాయి. బెల్టు అయితే చాలా కంపెనీలు 60,000 నుంచి 1,00,000 కి.మీ. మధ్య, లేదా ఐదారేళ్లకు, ఏది ముందైతే అప్పుడు మార్చమంటాయి. మీ చేతికొచ్చి ఏడేళ్లు. మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. చాలా ఇంజన్లలో తెగిన మరుక్షణం పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి, హెడ్ మొత్తం పని పడుతుంది.

ఇక్కడ మీకు కలిసొచ్చేదొకటుంది. చాలా కార్లలో వాటర్ పంపును తిప్పేది ఈ బెల్టే. మీ లీకు పంపు దగ్గరే అయితే రెండు పనులకూ ఒకటే కూలి. బెల్టు ఒక్కటే వేయించుకోకండి. టెన్షనర్, ఐడ్లర్ పుల్లీ, పంపు కలిపిన కిట్ వేయించండి. క్యామ్, క్రాంకు ముందు సీళ్లు చెమ్మగా ఉన్నా అప్పుడే మార్చాలి, ఆయిల్ తగిలిన బెల్టు త్వరగా పాడవుతుంది. బిగించాక సెల్ఫ్ కొట్టేముందు క్రాంకును స్పానర్‌తో చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలుస్తున్నాయో చూడమనండి. మీరు అక్కడే ఉంటే ఇంకా మంచిది.

స్టార్టు కాని సంగతి చిన్నదే. మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగిన బ్యాటరీ పొద్దున 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే డైనమో బ్రష్షులు అరిగి ఉండొచ్చు. సెల్ఫ్ తిప్పుతుండగా బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజన్ దిమ్మకూ మధ్య కొలిస్తే 0.2 - 0.3 వోల్టు దాటకూడదు. దాటితే ఎర్త్ వైరు తుప్పు పట్టింది, కొత్తది వేయించండి. మీది రెండు రోజుల సెలవు తర్వాత వచ్చిన ఇబ్బంది కాబట్టి ఎక్కడో దొంగకరెంటు లాగుతోందనిపిస్తోంది. కారు లాక్ చేసి అరగంట వదిలాక బ్యాటరీ నుంచి 50 మిల్లీ ఆంపియర్లు మించి పోకూడదు. మూడు వందలు పోతోందనుకోండి, రోజుకు ఏడు ఆంపియర్ అవర్ల పైనే, ముందే సగం నిండిన బ్యాటరీకి రెండు రోజులు చాలు. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ ఎక్కడ అంకె పడిపోతుందో చూస్తే సర్క్యూట్ దొరుకుతుంది. తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమ్, డిక్కీ దీపం ముందు చూడదగ్గవి.

బ్రేకులు మొదటి వరసలోవి, కానీ మీ ఉత్తరంలో ఎక్కడా లేవు. ప్యాడ్లు 3 మి.మీ.కు వచ్చాయంటే మార్చాలి, డిస్కు కనిష్ఠ మందం దాని అంచు మీదే చెక్కి ఉంటుంది. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. అది గాల్లోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. పొడవైన దిగుడులో పెడల్ మెత్తబడేది అందుకే. పూర్తిగా మార్చడానికి ఒక లీటరు సరిపోతుంది. పాత కారుకు ఒక జాగ్రత్త: గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేలకు ఆనేదాకా తొక్కకూడదు. మాస్టర్ సిలిండర్‌లో ఎప్పుడూ వాడని చివరి భాగంలో తుప్పు, మురికి ఉంటాయి, సీళ్లు అక్కడికి వెళ్తే చిరుగుతాయి. పెడల్ కింద చెక్కముక్క పెట్టమనండి. ఇన్నేళ్ల రబ్బరు బ్రేకు గొట్టాలు నాలుగూ మార్చేయడమే మేలు. దూరం నడిపాక ఒక చక్రం మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే క్యాలిపర్ పిన్నులు పట్టేశాయి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. పదేళ్లు దాటినది ఎంత గట్టిగా కనిపించినా వద్దు.

టకటక సంగతి ఆఖరున. ఏడాదిలో రెండుసార్లు లింకు రాడ్లు మామూలుగా పోవు. చప్పుడు లోయర్ ఆర్మ్ బుష్‌లదో షాక్ అబ్జార్బర్ పై మౌంటుదో అయి ఉంటుంది. చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్ లేదా చక్రం బేరింగు, పక్కలకు ఊపితే టై రాడ్ తెలుస్తాయి. బాల్ జాయింట్ ఊగితే మాత్రం అది చికాకు రకం కాదు, వెంటనే మార్చాలి. కొత్త బుష్‌ల బోల్టులను కారు నేల మీద దించాకే బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది.

మీ ఇంట్లో మాటలకు వస్తే, ఆగేదాకా నడుపుదామన్న మీ వారి మాట సగం సరైనది. ఆయిల్ విషయంలో అలాగే నడపొచ్చు. బెల్టు, కూలెంట్, బ్రేకుల విషయంలో ఆగేదాకా అంటే ఎక్కడ, ఎంత ఖరీదుకు ఆగుతుందో మన చేతిలో ఉండదు. మీ తమ్ముడి మాట తీసేయదగ్గది కాదు. కాకపోతే ఇంటి అప్పు నడుస్తుండగా ఇంకో వాయిదా తలకెత్తుకోవాలి. ఇక అమ్మేయమన్న మెకానిక్ మరమ్మతు ఖర్చును కారు ధరతో పోల్చి ఉంటారు. ఆ పోలిక మీకు పనికిరాదు. మరమ్మతు ఖర్చును అది తెచ్చే నెలలతో భాగించి, కొత్త కారు నెలవాయిదా, పెరిగే ఇన్సూరెన్సు కలిపిన మొత్తం పక్కన పెట్టండి. ఒక తిరకాసు మాత్రం ఉంది. భారీగా ఖర్చుపెట్టిన నెలకే ప్రమాదంలో కారు పోతే ఇన్సూరెన్సు లెక్కలోకి మీ మరమ్మతు బిల్లులు పెద్దగా రావు. పూర్తి బోరు పని విషయంలో నేను వెనకాడేది అందుకే.

మూడేళ్లు ఉంచాలనుకుంటే ఈ నెలలో బ్రేకులు, బెల్టు కిట్, మొత్తం కూలింగు. వచ్చే నెలలో ఎర్త్ వైరు, దొంగకరెంటు, పీసీవీ. ఆ తర్వాత కంప్రెషన్ అంకెలను బట్టి వాల్వ్ సీళ్లు. అన్నీ ఒకే రోజు చేయించకండి. కొత్త ఇబ్బంది వస్తే ఏ పని వల్ల వచ్చిందో తెలియకుండా పోతుంది. ఆరేడు నెలల్లో మార్చేద్దామనుకుంటే బ్రేకులు, ఫ్యాను, లీకు, థర్మోస్టాట్‌తో ఆపొచ్చు. బెల్టు మీద జూదం ఆడుతున్నామని తెలిసి ఆడాలి, అంతే. ఇప్పుడే అమ్మితే ఆయిల్ సంగతి కొనేవారికి చెప్పే అమ్మండి. బదులుగా 80 - 90 వేల కి.మీ. తిరిగిన పాత కారు కొనాలనుకుంటే దానికీ బెల్టు, క్లచ్, షాక్ అబ్జార్బర్ల వేళ దగ్గరపడి ఉంటుందని గుర్తుంచుకోండి. ఆ ఖర్చు కొన్న ధరకు కలుపుకొనే బేరమాడాలి. ఏ దారి పట్టినా, ఏడాదికి ఈ మొత్తం దాటితే ఆపేస్తాను అని ఒక అంకె ఇప్పుడే రాసిపెట్టుకోండి. వర్క్‌షాపులో విప్పిన కారు ముందు నిలబడి తీసుకునే నిర్ణయాలు ఎప్పుడూ ఖరీదైనవే.

డబ్బా మందు సంగతి. అరిగిన లోహాన్ని ఏ ద్రవమూ తిరిగి తేలేదు. గట్టిపడ్డ సీళ్లను కాస్త మెత్తబరిచే రకాలున్నాయి, వాటితో చిన్నపాటి చెమ్మ తగ్గవచ్చు. ఆయిల్‌ను చిక్కబరిచే రకాలతో పొగ కొన్నాళ్లు కనబడదు, చల్లటి స్టార్టులో పైదాకా ఆయిల్ ఎక్కడం మాత్రం ఆలస్యమవుతుంది. ఇన్నేళ్ల ఇంజన్‌లో ఫ్లష్ పోయడం ఇంకా ప్రమాదం. ఊడిన మడ్డి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే ఇంజనే పోతుంది. దానికి బదులు హ్యాండ్‌బుక్ ఒప్పుకుంటే ఆయిల్ చిక్కదనం గ్రేడు 5డబ్ల్యూ-30 నుంచి 10డబ్ల్యూ-40కి మారి, 5,000 కి.మీ.కే ఆయిల్, ఫిల్టర్ మార్చుకుంటూ వెళ్లండి. మసితో బిగిసిన రింగు ఏమైనా వదలాలంటే ఈ తరచు మార్పుల వల్లే మెల్లగా వదలాలి, వదులుతుందన్న హామీ లేదు. కంప్రెషన్ అంకెలు నాలుగూ, రేడియేటర్ ప్రెషర్ టెస్టులో సూది ఎంత దిగిందో, కింద తీసిన ఫొటోలూ పంపితే ఈ దారుల్లో ఏవి మీకు మూసుకుపోయాయో చెప్పగలను.